తోట ట్రాక్టరు నొసటి వ్రాత

బ్రహ్మ వ్రాసిన నొసటి వ్రాత చదవటం మానవమాత్రుల వల్ల కాదని పెద్దలు చెబుతారు. యంత్రాల సంగతి వేరు. యంత్రం నొసటిమీద వ్రాసినవాడు మనిషే గనుక, దానిని చదవటానికి కూడా మనిషే చాలు. కాస్త ఓపిక, ఒక పాత గుడ్డపీలిక, రెండు చుక్కల కిరసనాయిలు వుంటే చాలు. ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టి తుడిచి చదువుకోవచ్చు. ఈ వారం మనం చదవబోయేది అమెరికాలో పెరటి తోటల్లో తిరిగిన పాత చిన్న ట్రాక్టర్ల నొసటి వ్రాత.

“అమెరికా వాళ్ళ పెరటి ట్రాక్టరుతో మనకేమి పని?” అంటారు కాబోలు. రెండు పనులున్నాయి. మన పిల్లల్లో కొందరు అక్కడ స్థిరపడి, వూరి చివర ఎకరం, అరెకరం జాగాతో ఇళ్ళు కొనుక్కున్నారు. ఇంటితోపాటు షెడ్డులో ఒక పాత యంత్రం కూడా చేతికి రావటం ఆ దేశంలో వింత కాదు. అది పనికివచ్చే వస్తువో, పాతయినుము బేరగాడికి ఇవ్వవలసిందో తేల్చేది బానెట్టు మీది ఆ మూడు అంకెలే. ఇక రెండో పని. అంకె వెనుక అర్థం వెతకటం ఒకసారి అలవాటయితే, ఆ అలవాటు ఏ దేశపు యంత్రం కొన్నా అక్కరకు వస్తుంది. పైగా చుట్టరికమూ లేకపోలేదు. 1963లో మహీంద్రా వారితో చేయి కలిపి, మన పొలాలకు బి-275 ట్రాక్టరును తెచ్చిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీయే అమెరికా పెరటి తోటలకు కబ్ కేడెట్ అనే చిన్న ట్రాక్టరును చేసి ఇచ్చింది.

ముందు వస్తువేమిటి?

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత అమెరికాలో పట్నాల చుట్టూ కొత్త పేటలు వెలిశాయి. ఇంటిచుట్టూ జాగా వుంది, పచ్చిక వుంది, కూరగాయల మడి వుంది, చలికాలంలో వాకిటినిండా మంచు వుంది. పొలం ట్రాక్టరుకు ఆ జాగా చాలదు. చేతితో తోసే కోతయంత్రానికి ఆ పని మించిపోతుంది. ఈ రెంటికీ నడుమ పుట్టినది తోట ట్రాక్టరు. దాని బలం సుమారు 7 నుంచి 20 అశ్వశక్తులు. పొట్టక్రింద గడ్డికోసే బ్లేళ్ళ పళ్ళెం, ముందు మంచు నెట్టే రేకు, వెనుక నాగలో, మట్టి గుల్లచేసే యంత్రమో తగిలించుకుంటుంది. పచ్చిక మాత్రమే కోసే సవారీ యంత్రానికీ, దీనికీ చూపుకు పోలిక వున్నా, మట్టిలో నాగలి దింపినప్పుడు తేడా తెలిసిపోతుంది.

1960, 1970లలో తయారయినవి ఇనుప దిమ్మెలవంటివి. ఇప్పటికీ నడుస్తున్నవి ఎన్నో వున్నాయి. కాని వాటిని చేసిన కంపెనీలు కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని పేరు మార్చుకున్నాయి, కొన్ని మూతపడ్డాయి. దుకాణంలో నిలబడి “మా ట్రాక్టరుకు ఫలానా భాగం కావాలి” అంటే, “ఏ మోడలు?” అనేదే మొదటి ప్రశ్న. జవాబు తెలియకపోతే అక్కడితో బేరం ముగిసింది. రెండు డాలర్ల రబ్బరు వాషరు దొరక్క మూలబడ్డ ట్రాక్టరు చివరకు తుక్కు క్రిందకు పోతుంది. నంబరు చదవటమంటే కాలక్షేపం కాదని ఇందుకే అంటున్నాను.

చక్రాల గుఱ్ఱం

ఇండియానా రాష్ట్రంలో సౌత్ బెండ్ అనే వూరు వుంది. అక్కడ 1946లో ఎల్మర్ పాండ్, ఆయన కుమారుడు సెసిల్ పాండ్ ఇంటి గరాజులో చిన్న ట్రాక్టర్లు చేయటం మొదలుపెట్టారు. వాటికి వచ్చిన పేరు వీల్ హార్స్. బండికి పూన్చిన గుఱ్ఱాల వరుసలో చక్రాలకు దగ్గరగా వుండి ఎక్కువ బరువు లాగేదానిని వాళ్ళు వీల్ హార్స్ అంటారు.

వీళ్ళ తొలినాటి సవారీ ట్రాక్టరు పేరు ఆర్‌జె-35. ఆర్‌జె అంటే రైడ్ అవే జూనియర్. 35 అంటే సుమారు మూడున్నర అశ్వశక్తి. బాగుంది, తెలిసిపోయింది అనుకుంటాం. తరువాత 1958లో ఆర్‌జె-58 వచ్చింది. అంటే అయిదు ముప్పావు అశ్వశక్తా? కాదు, కాదు. 58 అంటే సంవత్సరం! మరుసటి యేడు వచ్చినది ఆర్‌జె-59. ఒకే కంపెనీ, ఒకే వరుస, ముందున్నవి అవే రెండక్షరాలు; అంకెల అర్థం మాత్రం ఏడాదిలో మారిపోయింది. ఈ విద్యలో మొదటి పాఠం ఇదే: ఒక సూత్రం దొరికింది గదా అని దానిని యంత్రాలన్నిటికీ తగిలించకూడదు.

1961 నుంచి 1967 దాకా వీల్ హార్స్ వారు చక్కని పద్ధతి పాటించారు. మొదటి అంకె (లేదా మొదటి రెండంకెలు) అశ్వశక్తి. చివరి అంకె సంవత్సరం. 401 అంటే 4 అశ్వశక్తులు, 1961. 702 అంటే 7 అశ్వశక్తులు, 1962. 854 అంటే 8 అశ్వశక్తులు, 1964. 1054 అంటే 10 అశ్వశక్తులు, 1964. మరి నడిమి అంకె? 1965లో వచ్చిన 875తో దానికి ఒక అర్థం ఏర్పడింది. నడుమ 7 వుంటే అది గేర్లు మార్చే బండి కాదు, హైడ్రోస్టాటిక్ బండి. 877 అంటే 8 అశ్వశక్తులు, హైడ్రో, 1967. 1277 అంటే 12 అశ్వశక్తులు, హైడ్రో, 1967.

హైడ్రోస్టాటిక్ అన్న మాటకు భయపడవద్దు. ఇంజను ఒక పంపును త్రిప్పుతుంది. పంపు నూనెను ఒత్తిడితో తోస్తుంది. ఆ నూనె ఒక మోటారును త్రిప్పితే, మోటారు చక్రాలను త్రిప్పుతుంది. క్లచ్చి నొక్కి గేరు మార్చే పని లేదు. మీట కాస్త ముందుకు తోస్తే మెల్లగా, ఇంకా తోస్తే వేగంగా, వెనక్కు లాగితే వెనక్కు పోతుంది. మంచు నెట్టేవాడికి, చెట్ల నడుమ గడ్డి కోసేవాడికి ఇది పెద్ద సౌఖ్యం. అయితే దానిలో నూనె మురికిపట్టి పంపు అరిగితే మరమ్మతు ఖర్చు గేర్లపెట్టెకయ్యే ఖర్చు కంటె బాగా ఎక్కువ. అందువల్ల కొనబోయేవాడు తెలుసుకోవలసిన మొదటి సంగతి అది గేరా, హైడ్రోనా అన్నది. ఆ సంగతి చాలా కంపెనీలు నంబరులోనే దాచిపెట్టాయి.

1968 నుంచి వీల్ హార్స్ వారికి అంకెల మీద మోజు తగ్గింది. రైడర్, చార్జర్, కమాండో అని సినిమా పేర్లవంటివి పెట్టి, ప్రక్కన అశ్వశక్తి వ్రాశారు: రైడర్ 10, చార్జర్ 12, అని. తరువాత 1970ల నడుమ మళ్ళీ మారింది. బి-80, సి-120, సి-160, డి-200 వచ్చాయి. ఇక్కడ అక్షరం బండి పరిమాణం; బి కంటె సి పెద్దది, సి కంటె డి పెద్దది. అంకెను పదితో భాగిస్తే అశ్వశక్తి వస్తుంది. సి-120 అంటే 12, డి-200 అంటే 20. ఆ కంపెనీ 1974లో అమెరికన్ మోటార్స్ చేతికి, 1986లో టోరో కంపెనీ చేతికి వెళ్ళింది. యజమానులు మారినా, బానెట్టు మీది నంబరును బట్టి నేటికీ భాగాలు వెతుక్కోగలుగుతున్నారు.

సరి సంఖ్య, బేసి సంఖ్య

ఇప్పుడు మన బి-275కు చుట్టమయిన కబ్ కేడెట్ దగ్గరకు వద్దాం. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారు 1961లో దీనిని బజారులోకి తెచ్చారు. తయారయినది కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ కర్మాగారంలో. మొట్టమొదటిదానికి నంబరే లేదు. ఉత్త కబ్ కేడెట్. దానిని అభిమానులు నేడు “ఒరిజినల్” అంటారు. బలం 7 అశ్వశక్తులు.

1963లో రెండు మోడళ్ళు వచ్చాయి: 70, 100. పదితో భాగించండి: 7, 10 అశ్వశక్తులు. ఇక్కడిదాకా చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. అసలు తమాషా 1965 తరువాత మొదలయింది. వరుసగా చూడండి:

సుమారు 1965 నుంచి 1967 దాకా: 71, 102, 122, 123.
1967 నుంచి 1969 దాకా: 72, 104, 105, 124, 125.
1969 నుంచి 1971 దాకా: 73, 106, 107, 126, 127, 147.
1971 నుంచి 1974 దాకా: 86, 108, 109, 128, 129, 149, 169.

మూడంకెల నంబర్లలో మొదటి రెండంకెలు అశ్వశక్తి: 10, 12, 14, 16. చివరి అంకె రెండు పనులు చేస్తుంది. అది పెరిగేకొద్దీ తరం మారుతుంది: 2-3 ఒక తరం, 4-5 ఒక తరం, 6-7 ఒక తరం, 8-9 ఒక తరం. ఇంతేకాదు; అది సరి సంఖ్య అయితే గేరు బండి, బేసి సంఖ్య అయితే హైడ్రో బండి. 126 గేరు, 127 హైడ్రో. రెండూ ఒకే రంగు, ఒకే ఆకారం, ఒకే 12 అశ్వశక్తులు. పక్కపక్కనే నిలబెడితే కొత్తవాడికి తేడా కనిపించదు. తేడా అంతా ఆ చివరి అంకెలో వుంది.

అయితే 71, 73 బేసి సంఖ్యలే గదా, అవి హైడ్రోలా? అవి కావు. 7 అశ్వశక్తుల బండిలో హైడ్రో పెట్టనే లేదు. 70, 71, 72, 73 అన్నవి నాలుగు తరాల లెక్క మాత్రమే: మొదటిది, రెండవది, మూడవది, నాలుగవది. కొడుక్కి, మనుమడికి అదే ఇంటిపేరు నడిచినట్టు. అందుచేత సరి-బేసి సూత్రం మూడంకెల నంబర్లకు మాత్రమే పరిమితమని గుర్తుంచుకోవాలి.

1974 నుంచి నాలుగంకెలు వచ్చాయి: 1000, 1200, 1250, 1450, 1650. మొదటి రెండు అశ్వశక్తి. చివర 00 వుంటే గేరు, 50 వుంటే హైడ్రో. ఇంజనుకు ప్రక్కల రేకులు మూసి చప్పుడు తగ్గించిన బండ్లు ఇవి. 1980ల తొలినాళ్ళలో వచ్చిన 482, 582, 682, 782, 982 లలో మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు. చివరి 82 కుటుంబం పేరు. మొదటి అంకె వరుసలో ఎంత పెద్దదో చెబుతుందంతే. 782 బలం 7 కాదు, 17 అశ్వశక్తులు. 982 బలం 19. 1981లో ఈ వ్యాపారాన్ని ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారు ఎమ్‌టీడీ అనే కంపెనీకి అమ్మివేశారు.

మూడు కంపెనీలు, మూడు దారులు

జాన్ డీర్ వారి తోట ట్రాక్టర్లు విస్కాన్సిన్ రాష్ట్రంలోని హోరికాన్ వూళ్ళో తయారయ్యాయి. 1963లో వచ్చిన మొదటిది 110. వీల్ హార్స్, కబ్ కేడెట్ల లెక్క నేర్చుకున్నవాడు దానిని చూసి 11 అశ్వశక్తులంటాడు. తప్పు! అది 7 అశ్వశక్తులతో మొదలయి, తరువాత 8 అయింది. 112 అనే మోడలు 10 అశ్వశక్తులతో పుట్టింది. 140 అనేది 1968లో 12 అశ్వశక్తులతో వచ్చి తరువాత 14 అయింది. పాత జాన్ డీర్ నంబరు బండి పేరు మాత్రమే, బలం చెప్పదు. 1970ల నడుమ వచ్చిన 208, 210, 212, 214, 216లకు మాత్రం చివరి రెండంకెలే అశ్వశక్తి. అక్కడ కూడా 200 అనేది ఒకటుంది. దాని బలం సున్న కాదు లెండి, 8.

ఇదే కంపెనీ 1969లో ఒక సరదా చేసింది. తన అలవాటయిన ఆకుపచ్చ, పసుపు రంగులు ప్రక్కన పెట్టి, తెల్లని బండికి పసుపు, ఎరుపు, నారింజ, నీలం బానెట్లు, సీట్లు తొడిగి అమ్మింది. ఇంటి రంగుకు సరిపోయే ట్రాక్టరు కొనుక్కోవచ్చునన్న మాట. చీరకు సరిపోయే రవిక వెతికే మనవాళ్ళకు ఈ ఆలోచన అర్థం కాకపోదు. అయితే జనానికి అది అంతగా రుచించలేదు; కొద్ది కాలానికే నిలిపివేశారు. నాడు అంతగా అమ్ముడుపోనివి గనుకనే నేడు అవి సేకరించేవాళ్ళకు అపురూపమయ్యాయి.

కేస్ కంపెనీ వారిది మరొక దారి. 220, 222, 224 లలో చివరి అంకె ముందు ఒకటి చేర్చి చదువుకోవాలి: 10, 12, 14. అలాగే 444, 446, 448: 14, 16, 18. మొదటి అంకె చక్రాల పరిమాణం చెబుతుంది. 2తో మొదలయితే చిన్న చక్రాలు, 4తో మొదలయితే పెద్ద చక్రాలు. 224, 444 రెంటికీ బలం 14. తేడా చక్రాల్లో వుంది. టైరు కొనబోయేవాడు మొదటి అంకె చూడక చివరి అంకె చూస్తే ఇంటికి తెచ్చిన టైరు బండికి పట్టదు.

బోలెన్స్ వారు అందరికంటె సూటిగా మాట్లాడారు. జి-10, జి-12, హెచ్-14, హెచ్-16. జి అంటే గేరు, హెచ్ అంటే హైడ్రో, అంకె అంటే అశ్వశక్తి. ఇంతకుమించి విప్పవలసిన ముడి లేదు. లోకంలో అందరూ ఇలా వుంటే ఈ శీర్షికతో పని వుండేది కాదు!

ఇంజను చెప్పే మాట

ట్రాక్టరు పేరు ఒక ఎత్తు, ఇంజను నంబరు ఒక ఎత్తు. ఆ రోజుల్లో చాలా కంపెనీలు ఇంజన్లు సొంతంగా చేయలేదు. కోలర్, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్, టెకుమ్సే వంటి వారి దగ్గర కొని బిగించారు. కోలర్ అన్న పేరు నేడు హైదరాబాదు అపార్టుమెంట్లలో కుళాయిల మీద, వాష్ బేసిన్ల మీద చూస్తుంటారు. వారే వీరు. విస్కాన్సిన్‌లో కోలర్ అనే వూరే వుంది.

కోలర్ పాత ఇంజన్లకు కె-161, కె-181, కె-241, కె-301, కె-321, కె-341 అని పేర్లు. చివరి అంకె సిలిండర్ల సంఖ్య. 1 వుంటే ఒక సిలిండరు. కె-482 వంటి వాటిలో 2 వుంటే రెండు సిలిండర్లు. ముందున్న రెండంకెలు ఇంజను కడుపు ఎంతో ఘనపు అంగుళాల్లో సుమారుగా చెబుతాయి. కె-161 అసలు కొలత 16.2. కె-241ది 23.9. కె-301ది 29.1. కె-321ది 31.3. ఒక్క కె-341 మాత్రం కొంచెం మొహమాటపడింది. అసలు కొలత 35.9 అయినా 34 అనే చెప్పుకుంది. ఘనపు అంగుళాన్ని 16.4తో గుణిస్తే మనకు తెలిసిన సీసీలు వస్తాయి. కె-241 సుమారు 391 సీసీలు. అంటే మన పాత బుల్లెట్ 350 ఇంజను కంటె కాస్త పెద్దది. అశ్వశక్తి చూస్తే కె-161ది 7, కె-181ది 8, కె-241ది 10, కె-301ది 12, కె-321ది 14, కె-341ది 16.

నంబరు తరువాత అక్షరాలుంటాయి. ఎస్ వుంటే మీట నొక్కితే కరెంటుతో స్టార్టవుతుంది. టి వుంటే తాడు లాగి స్టార్టు చేయాలి. తాడు తనంతట లోపలికి చుట్టుకుంటుంది. క్యూ వుంటే చప్పుడు తగ్గించిన రకం. కె-301ఎక్యూఎస్ అని చూసి కంగారుపడనక్కరలేదు. పన్నెండు అశ్వశక్తుల ఒంటి సిలిండరు ఇంజను, ప్రత్యేకమయిన ఆయిలు తొట్టి, చప్పుడు తక్కువ, కరెంటు స్టార్టు. మొదటి ఎ ఆ తొట్టికి గుర్తు.

బ్రిగ్స్ వారి పాత పద్ధతి ఇంకా వివరమయినది. 190702 అనే ఇంజనును తీసుకోండి. మొదటి 19 కడుపు కొలత: 19 ఘనపు అంగుళాలు, సుమారు 311 సీసీలు. తరువాతి 0 నమూనా వరుస. ఆ తరువాతి 7 చాలా ముఖ్యం. ఆ స్థానంలో 0 నుంచి 4 దాకా వుంటే క్రాంకుషాఫ్టు అడ్డంగా వుంటుంది. 5 నుంచి 9 దాకా వుంటే నిలువుగా వుంటుంది. అడ్డం షాఫ్టు ఇంజను వుండవలసిన చోట నిలువు షాఫ్టు ఇంజను కొని తెస్తే అది ఎటు పెట్టినా బిగియదు. డబ్బు పోసి తెచ్చిన ఇంజను షెడ్డులో కోళ్ళకు పీట అవుతుంది. తరువాతి 0 బేరింగు రకం. చివరి 2 తాడు లాగి స్టార్టు చేసే రకం.

దాని ప్రక్కనే కోడు అని మరొక వరుస వుంటుంది. 7104231 అనుకోండి. 71 అంటే 1971. 04 అంటే ఏప్రిల్. 23 తేదీ. మిగిలిన 1 కర్మాగారం వారి సొంత గుర్తు. అంటే ఆ ఇంజను 1971 ఏప్రిల్ 23న తయారయిందన్న మాట. మనలో ఎందరికో స్కూల్లో వేసిన పుట్టినతేదీ వేరు, అసలు తేదీ వేరు. ఈ ఇంజనుకు ఆ చిక్కు లేదు.

ఈ తేదీతో ఒక తనిఖీ చేయవచ్చు. ట్రాక్టరు వరుస 1967తో ఆగిపోయిందని నంబరు చెబుతున్నది. ఇంజను మాత్రం 1971లో పుట్టానంటున్నది. అంటే ఇంజను మధ్యలో మార్చారు. మార్చటం నేరం కాదు. కాని “అంతా ఒరిజినలేనండీ” అని ఎక్కువ ధర అడిగేవాడికి జవాబు అక్కడ వుంది.

సియర్స్ మూడంకెలు

అమెరికా మధ్యతరగతి ఇళ్ళకు సూది మొదలు ట్రాక్టరు దాకా అమ్మిన పెద్ద దుకాణం సియర్స్. అది 2018లో దివాలా పిటిషను వేసింది. సియర్స్ వారు ట్రాక్టర్లు అమ్మారే కాని చేయలేదు. వేరేవారి చేత చేయించి తమ పేరు వేసుకున్నారు. అసలు తయారీదారు ఎవరో నంబరులో మొదటి మూడంకెలు చెబుతాయి. మూడంకెలు, ఒక చుక్క, ఆ తరువాత మిగతా అంకెలు. 917 అంటే పాత రోజుల్లో రోపర్ కంపెనీ. 143 అంటే టెకుమ్సే వారి ఇంజను. ఈ మూడంకెలు తెలిస్తే, పైన సియర్స్ పేరున్నా, అసలు కంపెనీ భాగాలు వెతుక్కోవచ్చు. పెళ్ళిచూపుల్లో పేరు విని ఊరుకోక, ఇంటిపేరు, గోత్రం అడిగినట్టు ఇది.

రేకు చెప్పే అబద్ధం

ఇంత చదివిన తరువాత మా ఇంట్లో ఒక ప్రశ్న వచ్చింది. “బానెట్టు మీద స్టిక్కరే గదా? దానిని మార్చి మరొకటి అంటిస్తే?” అని. అడగవలసిన ప్రశ్నే అది. బానెట్టు మారుతుంది, స్టిక్కరు కొత్తది దొరుకుతుంది. కబ్ కేడెట్‌లో ఒక తరం బానెట్లు ఒకదానికొకటి సరిపోతాయి. 129 ఒంటికి 149 ముఖం తగిలించటం గంట పని. కె-241, కె-301, కె-321 ఇంజన్లు పైకి అక్కచెల్లెళ్ళలా వుంటాయి. పది అశ్వశక్తుల ఇంజను మీద పద్నాలుగు అశ్వశక్తుల రేకు బిగిస్తే కంటితో కనిపెట్టటం కష్టం.

దీనికి మందు కొలబద్ద. ఇంజను పై మూత విప్పి సిలిండరు అడ్డుకొలత తీస్తే నిజం బయటపడుతుంది. కె-241కు 3.25 అంగుళాలు. కె-301కు 3.375. కె-321కు 3.5. కె-341కు 3.75. మరమ్మతులో సిలిండరును కొద్దిగా తొలిచి వుంటే కొలత పిసరంత పెరుగుతుంది. అయినా ఒకదానిని మరొకటిగా పొరబడేంత కాదు. రేకు అబద్ధమాడవచ్చు, ఇనుము ఆడదు.

అశ్వశక్తి విషయంలో అనుమానం పాత బండ్లతోనే ఆగలేదు. పచ్చిక కోసే యంత్రాల మీద అశ్వశక్తిని వున్నదానికంటె ఎక్కువ చేసి వ్రాస్తున్నారని 2004లో అమెరికాలో కొనుగోలుదారులు పలు కంపెనీల మీద దావా వేశారు. అది 2010లో మిల్వాకీ ఫెడరల్ న్యాయస్థానంలో రాజీతో ముగిసింది. రాజీ గనుక తప్పెవరిదో తీర్పు రాలేదు. కాని ఆ తరువాత అక్కడ ఎన్నో కోతయంత్రాల మీద అశ్వశక్తి మాట తగ్గి, ఇంజను సీసీలు, మెలితిప్పే బలం వ్రాయటం పెరిగింది. అంకె అంటే కంపెనీ కొనేవాడికిచ్చిన మాట. సామాన్యుడు దానిని నమ్మి జీతం డబ్బు పెడతాడు. అందుకే అది కోర్టు దాకా వెళ్ళింది.

మీ పిల్లలకు చెప్పవలసిన మాటలు

అక్కడ వున్న మీ అబ్బాయో, అమ్మాయో “షెడ్డులో పాత ట్రాక్టరు వుంది నాన్నా, ఏం చేయమంటావు?” అని ఫోనులో అడిగితే ఇలా చెప్పండి.

మొదట బానెట్టు మీది పేరు, నంబరు వ్రాసుకో. కాని అక్కడ ఆగకు. సీటు క్రింద, డాష్ బోర్డు క్రింద, వెనుక గేర్లపెట్టె దగ్గర చూడు; ఎక్కడో ఒకచోట చిన్న లోహపు బిళ్ళ వుంటుంది. మట్టి మెత్తగా తుడువు. ఇనుప బ్రష్షుతో గీకవద్దు, అంకెలు చెరిగిపోతాయి. బిళ్ళ ఫొటో తీసి దాచు. బానెట్టు మాటకూ, బిళ్ళ మాటకూ తేడా వస్తే బిళ్ళనే నమ్ము.

తరువాత ఇంజను మీది నంబరు వేరుగా వ్రాసుకో. ట్రాక్టరు భాగాలకు ట్రాక్టరు నంబరు, ఇంజను భాగాలకు ఇంజను నంబరు చెప్పాలి. ఒకదానికి మరొకటి చెబితే వచ్చే భాగం పనికిరాదు.

మూడవది, గేరా, హైడ్రోనా అన్నది నంబరును బట్టి తెలుసుకుని, ఆ పైన మీట కదిపి సరిచూసుకో. హైడ్రో అయితే నూనె ఎలా వుందో చూడకుండా నడపవద్దు.

నాలుగవది, ఒక కంపెనీ సూత్రం మరొక కంపెనీకి పట్టదు. ఒక సంవత్సరపు సూత్రం మరొక సంవత్సరానికి పట్టదు. ముందు కంపెనీ, తరువాత కాలం, ఆ తరువాతే అంకె.

ఇంకొక మాట కూడా చెప్పండి. ఆ షెడ్డు ఇంతకుముందు ఎవరో ఒక పెద్దమనిషిది. ఆయన పోయిన తరువాత పిల్లలు ఇల్లు అమ్మి వుంటారు. ట్రాక్టరు ఏ సంవత్సరానిదో, ఏ నూనె పోయాలో ఆయనకు తెలుసు. ఎక్కడా వ్రాసి వుండడు. ఇప్పుడు ఆ సంగతి చెప్పగలిగినది ఆ చిన్న బిళ్ళ ఒక్కటే. అందుచేత చదివినదంతా ఒక కాగితం మీద వ్రాసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, టూల్ బాక్సులో వుంచమనండి. తరువాత వచ్చేవాడికి మళ్ళీ మొదటినుంచి వెతుక్కునే శ్రమ తప్పుతుంది.

ఆ పని మనమూ చేయవచ్చు. ఇంట్లో వున్న నీళ్ళ మోటారు, మిక్సీ, ఫ్రిజ్జు, స్కూటరు వరుసగా చూసి, ప్రతిదాని నంబరూ ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. పాడయిన రోజున మెకానిక్కు ముందు తడుముకోనక్కరలేదు.